అక్క కోసం పెకలించిన వేరు

మతనుకు అనే ఊళ్లో సెవనాయాను వెనకాల అందరూ 'యంగోనా మొగుడు' అనేవాళ్లు. మొహం మీద అనే ధైర్యం మాత్రం అతని బావ కలియోవా ఒక్కడికే ఉండేది. యాభై ఎనిమిదేళ్లొచ్చినా సెవనాయా పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే చర్చి దగ్గర చెక్క ఢంకా మోగేసరికి గునపం భుజాన వేసుకుని కొండెక్కేవాడు. ఉడికించిన చేమదుంప ఒకటి ఆకులో చుట్టి చంకన పెట్టుకునేవాడు. పొద్దు వాలాక దిగేవాడు. కొండ మీద నాలుగు చోట్ల అతనికి తోటలుండేవి. నాలుగింటిలోనూ యంగోనాయే.

ఆకు చూస్తే తమలపాకే అనిపిస్తుంది. కాడ చూస్తే సన్నటి వెదురులా కణుపులు కణుపులుగా ఉంటుంది. దానికి గింజ కట్టదు. కాడ నరికి కణుపు పాతితేనే మళ్లీ మొక్క. అందుకని సెవనాయా తోటల్లో ఉన్నదంతా అతని తండ్రి పెంచిన మొక్కే, తండ్రి తోటలో ఉన్నదంతా తాత పెంచిన మొక్కే. మూడేళ్లకు వేరు తీసేవాళ్లున్నారు. ఐదేళ్లు ఆగితే రుచి వేరు, పట్టు వేరు. ఆ వేరు దంచి, నీళ్లలో పిసికి, గుడ్డలో వడకట్టి, కొబ్బరిచిప్పతో ఎత్తి తాగితే ముందు పెదవులు మొద్దుబారతాయి, ఆ తర్వాత నాలుక, మరి కాసేపటికి రోజంతా మోసిన బరువు నడుం మీంచి మెల్లగా దిగుతుంది. కండావు దీవిలో పెళ్లికీ చావుకీ అదే. తగువు తీర్చుకోవడానికీ, పని లేక ఊరికే కూర్చోవడానికీ అదే.

సెవనాయాకు ఒక అక్క ఉండేది. పేరు ఉనాయిసి. అతని కన్నా మూడేళ్లు పెద్ద. తమ్ముణ్ణి చంకనెక్కించుకుని పీతలు పట్టడానికి తీసుకెళ్లింది, కొట్టింది, పేలు చూసింది, వాడి వంతు చేప తను తినేసి పిల్లి తిందని చెప్పింది. ఆమెకు పదమూడేళ్లు వచ్చాయి, వాడికి పది నిండాయి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తగువేమీ కాదు. అది ఆ దీవి మర్యాద. వయసొచ్చిన అక్కాతమ్ముళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోరు, ఒక గదిలో కూర్చోరు. అంత గౌరవం ఇచ్చుకోవాలి మరి. ఆ మరుసటి ఏడే వాళ్లమ్మ పోయింది. అప్పుడు కూడా మాట్లాడుకోలేదు.

ఉనాయిసిని కొండకు అవతలి పక్కనున్న వైలోవా ఊళ్లో కలియోవా అనే జాలరికిచ్చి చేశారు. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్లకు ఒక దారి దొరికింది. సెవనాయా శనివారం శనివారం కొండ దాటి వెళ్లి, బావ ఇంటి వసారాలో గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. గోడకు అవతల ఉనాయిసి మొగలి చాప అల్లుతూ ఉండేది. మధ్యలో కలియోవా.

"మీ ఆవిడతో చెప్పు బావా, లేత చేమాకు తెచ్చానని."

"దానికేం చెవుడా? వినపడింది."

లోపలినుంచి మాట వచ్చేది. "మీ బావమరిదితో చెప్పండి, చొక్కా భుజం దగ్గర చిరిగింది. విప్పి అక్కడ పెడితే కుట్టి పెడతానని."

"విన్నావుగా. విప్పు. పెళ్లాముంటే ఈ సిగ్గు ఉండేదా నీకు? ఆ మొక్కల్లో ఒకదానికి కుట్టుపని నేర్పరాదూ?"

"మీ ఆవిడతో చెప్పు, నిన్ను కట్టుకున్నాక పెళ్లంటే ఎలా ఉంటుందో చూసే మానుకున్నానని."

లోపల ఉనాయిసి నవ్వేది. ఆ నవ్వు వినడానికే సెవనాయా ఆ మాట అనేవాడు. ఇలా ముప్పై ఎనిమిదేళ్లు గడిచాయి.

వాళ్లకు ఒక్కతే కూతురు, అసినాతే. చదువుకుని రాజధాని సూవాలో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం చేసేది. ఏ దీవి వేరులో ఎంత సత్తువుందో మిషన్‌లో పెట్టి చూడటం ఆమె పని. ఒక ఏడాది సెలవుల్లో వచ్చినప్పుడు మేనమామ వెంట కొండెక్కి, నాలుగు తోటల్లోంచీ వేళ్లు చిన్న చిన్న ముక్కలు కోసి సంచుల్లో వేసుకుంది. సాయంత్రం వసారాలో కూర్చుని చిప్ప చేతులు మారుతుంటే చెప్పింది.

"ఇందులో ముఖ్యంగా ఆరు పదార్థాలున్నాయి మామా. వాటిలో ఒకదాని కథ వింటావా? మన ఒంట్లో నరాల మీద చిన్న చిన్న పీటలేసి ఉన్నాయనుకో. నొప్పి పుట్టినప్పుడు దాన్ని అణచడానికి మన ఒళ్లే ఒక మందు తయారుచేసి ఆ పీటల మీద కూర్చోబెడుతుంది. గంజాయిలో ఉండే సరుకు కూడా వచ్చి కూర్చునేది ఆ పీటల మీదే. నీ వేరులో ఉన్న ఆరింటిలో ఒకటి కూడా అక్కడికే వెళ్తుంది."

"దాని పేరేంటమ్మా?"

"యాంగోనిన్."

సెవనాయా ముఖం వెలిగింది. "మన యంగోనా పేరే పెట్టారన్నమాట."

కలియోవా చిప్ప దించి, "గంజాయి కూర్చునే పీట మీద మన వేరు కూర్చుంటుందా? ఈ సంగతి పాస్టరు చెవిన వెయ్యకే తల్లీ, రేపట్నుంచి ఆయన నీళ్లు తాగాల్సొస్తుంది," అన్నాడు.

సెవనాయా మాత్రం ఆలోచనలో పడ్డాడు. "ఒళ్లే మందు చేసుకుంటుంటే మరి ఈ వేరెందుకు?"

"ఒళ్లు చేసేది కాస్తే మామా. అదీ కాసేపే ఉంటుంది."

ఆ మాట అన్నప్పుడు ఉనాయిసి గోడ వెనకే ఉంది. రొమ్ములో గడ్డ తెలిసి అప్పటికి ఏడు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పేనాటికి ఆలస్యమైంది. సూవాలో ఆపరేషన్ చేశారు. ఏడాది పైచిలుకు బాగానే తిరిగింది, చాపలల్లింది, ఆదివారం పాటల్లో గొంతు కలిపింది. ఆ తర్వాత నడుం నొప్పన్నది. వెన్నెముకలోకి పాకిందనీ, కాలేయంలో కూడా కనపడుతోందనీ డాక్టర్లు అన్నారు. ఇంటి దగ్గరే ఉంటానంది. నొప్పికి వేసే సిరప్పు సీసాలతో అసినాతే తల్లిని వెంటబెట్టుకుని ఓడలో వైలోవాకు వచ్చింది. ఉద్యోగానికి సెలవు పెట్టింది.

సెవనాయా ఇప్పుడు శనివారం కోసం ఆగడం మానేశాడు. రోజూ మధ్యాహ్నం కొండ దాటి వచ్చి వసారాలో కూర్చునేవాడు. గోడ వెనక చాప అల్లే చప్పుడు లేదు. మూలుగు ఉండేది. అది కూడా తను వచ్చాడని తెలియగానే ఆగేది. అది ఆపుకోవడం ఎంత కష్టమో అతనికి గోడ ఇవతలికే తెలిసేది. అందుకని కాసేపు కూర్చుని లేచి సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయేవాడు. తను లేస్తే అక్క మూలగగలదు.

ఒకరోజు అసినాతేను దొడ్లో పట్టుకుని అడిగాడు. "ఒళ్లే మందు చేసుకుంటుందన్నావు కదే. మరి మీ అమ్మ ఒళ్లు చెయ్యట్లేదా?"

"చేస్తూనే ఉంటుంది మామా. ఈ నొప్పికి అది చాలదు."

"అయితే వేరు దంచి ఇద్దామా?"

"వద్దు. ఆ సిరప్పూ ఇదీ కలిస్తే మత్తు మీద మత్తు. పైగా కాలేయం పాడై ఉంది. ఆసుపత్రి నర్సమ్మ కూడా వద్దని మరీ మరీ చెప్పింది."

సెవనాయా తల ఊపాడు. ఇంకోసారి అడగలేదు.

ఆగస్టు చివర్లో ఆగ్నేయపు గాలి పట్టుకుంది. ప్రతి ఏడూ పట్టేదే, కానీ ఆ ఏడాది విడవలేదు. అలలు గట్టు దాటి కొబ్బరి మొదళ్లను కొట్టాయి. సూవానుంచి ఓడ రావడం లేదని రేడియోలో చెప్పారు. ఆ వారం రాలేదు. పై వారం కూడా రాలేదు. నొప్పి పెరిగిన కొద్దీ మోతాదు పెంచుతూ వచ్చారు గనక నెలకు సరిపోతాయనుకున్న సీసాలు ముందే అడుగంటాయి. కలియోవా కొండదారిన పోయి దీవి ఆసుపత్రిలో ఉన్న ఒక్క సీసా కూడా అడిగి తెచ్చాడు. అదీ అయిపోయింది. తన చిన్న పడవ వేసుకుని సూవాకు పోతానని బయల్దేరితే ఊళ్లో మగవాళ్లు పట్టుకుని ఆపారు. రెండోసారి కూడా బయల్దేరాడు. ఆ సారి పడవ పగడపు దిబ్బ దగ్గరే తిరగబడింది. మోచేయి విరగ్గొట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు.

సిరప్పు అయిపోయిన మర్నాడు మధ్యాహ్నం సెవనాయా వచ్చేసరికి మూలుగు ఆగలేదు. అతను వచ్చాడని ఉనాయిసికి తెలుసు. అయినా ఆగలేదు. అతను లేచి వెళ్లబోయాడు.

"వెళ్లొద్దని చెప్పండి," అంది లోపలినుంచి.

కలియోవా చేతికి కట్టుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "వెళ్లకురా," అన్నాడు.

ఉనాయిసి ఆగి ఆగి మాట్లాడింది. "మీ బావమరిది... బండ దగ్గర ఒక మొక్క పెంచుతున్నాడు. పన్నెండేళ్లయింది. నేను పోయినప్పుడు తేవడానికి. ఊరంతా కూర్చుని తాగుతారు, మీ అన్న నాయిబుకా బావగారు నాలుగు చిప్పలు ఎక్కువే తాగుతారు. నేను మాత్రం తాగను. అదేం న్యాయమో అడగండి."

ఆ మొక్క సంగతి నిజమే. ఆడపడుచు పోతే పుట్టింటివాళ్లు పెద్ద వేరు మోసుకొచ్చి అత్తవారి ముందు పెట్టాలి. వేరు ఎంత పెద్దదైతే ఆ ఇంట్లో ఆమెను అంత ముద్దుగా పెంచినట్టు. తండ్రి పోయిన ఏడాది సెవనాయా కొండ నెత్తిన బండ చాటున ఒక కణుపు పాతాడు. తుపాను వచ్చినప్పుడు దాని చుట్టూ రాళ్లు పేర్చి, కొబ్బరి తాళ్లతో కాడలు కట్టి కాపాడాడు. తను ముందు పోతే తనకు, అక్క ముందు పోతే అక్కకు అనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. అక్కకు ఎలా తెలిసిందో ఇప్పటికీ అతనికి తెలియదు.

అసినాతే తల పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. సెవనాయా ఆమె ముందు నిలబడ్డాడు. "నువ్వు వద్దంటే తియ్యను," అన్నాడు.

ఆమె తలెత్తింది. "సిరప్పు లేదు కదా మామా. ఇంకా ఆ కాలేయాన్ని దాచి ఏం చేస్తాం? తీసుకురా. కొంచెం కొంచెమే ఇద్దాం."

మర్నాడు పొద్దున్నే సెవనాయా బండ దగ్గరికి వెళ్లాడు. చుట్టూ తవ్వుతూ పోతే వేళ్లు బండ కిందికీ, పక్కనున్న చెట్ల వేళ్లలోకీ పారి ఉన్నాయి. గునపంతో కాదు, చాలామటుకు చేతుల్తోనే తవ్వాడు. ఒక్క వేరు కూడా తెగకూడదనుకున్నాడు. ఎండ నెత్తికెక్కాక అది లేచింది. పడుకున్న మనిషంత ఉంది. గోనెసంచిలో పట్టలేదు. వాసానికి కట్టి, ఒక కొస భుజాన పెట్టుకుని, రెండో కొస ఈడ్చుకుంటూ వైలోవా వైపు దిగాడు.

దారిలో నాయిబుకా ఎదురయ్యాడు. కలియోవాకు అన్న, ఆ వంశానికి పెద్ద. వేరు చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు గొంతు తగ్గించి.

"పోలేదు."

"మరి ఆ వేరు?"

"తాగుతానంది."

నాయిబుకా నమ్మలేనట్టు చూశాడు. "బతికున్న మనిషికి చావు వేరు మోసుకొచ్చినవాణ్ణి నా జన్మలో నిన్నే చూస్తున్నాను. రేపు ఆవిడ పోతే ఏం తెస్తావు, చేతులూపుకుంటూ వస్తావా?"

"రేపటి సంగతి రేపు," అని సెవనాయా వాసం సర్దుకుని దిగిపోయాడు. మనసులో మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. తను తొందరపడి అక్క చావును పిలుస్తున్నానా అనిపించింది. రెండుసార్లు ఆగాడు. కింద ఊరినుంచి ఏ శబ్దమూ వినపడని దూరం అది. అయినా అక్క మూలుగు వినపడుతున్నట్టే ఉంది. మళ్లీ నడిచాడు.

పచ్చి వేరు కడిగి, సన్నగా తరిగి, ఇనప రోట్లో తనే దంచాడు. కలియోవా ఒంటిచేత్తో నీళ్లు పోశాడు. అసినాతే అర చిప్ప కొలిచి లోపలికి పట్టుకెళ్లింది. సెవనాయా గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. లోపలినుంచి ముందు దగ్గు వినపడింది, తర్వాత ఏమీ లేదు. అరగంట గడిచింది. మూలుగు సన్నబడింది. ఇంకో పావుగంటకు ఆగింది.

అసినాతే గుమ్మంలోకి వచ్చి, "పడుకుంది," అంది. అని, అక్కడే గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రం దాకా నిద్రపోయింది ఉనాయిసి. లేచాక నొప్పి మళ్లీ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అర చిప్ప, మళ్లీ రెండు గంటలు. సెవనాయాకు కాళ్లు నేల మీద నిలవలేదు. దంచిన పిప్పి కూడా పారెయ్యకుండా ఆకుల్లో దాచాడు. "చూశావా, పీట మీద కూర్చుంది," అన్నాడు అసినాతేతో.

మూడోరోజు కలియోవా ఓడ సంగతి కనుక్కోవడానికి రేడియో ఉన్న ఇంటికి వెళ్లాడు. మూడు రోజులుగా కన్ను మూయని అసినాతే వంటింట్లో గోడకు జారగిలబడి నిద్రపోయింది. సెవనాయా చిప్ప నింపి పట్టుకుని కూర్చున్నాడు. అందించేవాళ్లు లేరు. లోపల ఉనాయిసి పంటి బిగువున మూలుగుతోంది. పిల్లను లేపుదామా అని వంటింటి దాకా వెళ్లాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆ ముఖం చూసి లేపలేకపోయాడు. వెనక్కి వచ్చాడు. వంగి, చెప్పులు లేని కాళ్లను గుమ్మం బయట చాపకు తుడుచుకుని, లోపలికి వెళ్లాడు.

నలభై ఎనిమిదేళ్ల తర్వాత అక్క ముఖం చూశాడు. జుట్టంతా తెల్లబడింది. బుగ్గలు లేవు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "అక్కా, తాగు," అన్నాడు.

ఆమె కళ్లు తెరిచింది. చాలాసేపు చూసింది. "సెవానా?" అంది. చిన్నప్పుడు పిలిచిన పేరు అది.

"ఆఁ."

"ఎంత ముసలాడివయ్యావురా. ఇన్నాళ్లూ నీ గొంతూ నీ దగ్గూ తప్ప ఏమీ ఎరగను."

తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించాడు. తల బొత్తిగా బరువు లేదు. ఆమె ముఖం చిట్లించి, "బురద తాగినట్టుంది," అంది. "మన నాన్న వేరు కూడా ఇంతే ఉండేది."

బయట గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. తర్వాత ఉనాయిసి మెల్లగా అంది.

"నిన్ను ఒకటి అడగాలిరా. మీ బావచేత అడిగించేది కాదు. అమ్మ పోయినప్పుడు నువ్వు ఏడవలేదు. రాయిలా కూర్చున్నావు. నాకెంత కోపమొచ్చిందో. వీడికి అమ్మ అక్కర్లేదనుకున్నాను. ఇన్నేళ్లూ చొక్కాలు కుడుతున్నా ఆ కోపం పోలేదు నాకు."

"ఏడ్చానక్కా," అన్నాడు సెవనాయా. "పెండలం తోటలోకి పోయి ఏడ్చాను. నువ్వు ఇంట్లో ఉన్నావు కదా. నీ ముందు ఏడవకూడదనుకున్నాను. మర్యాద తప్పుతుందేమోనని."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. పదకొండేళ్లవాణ్ణి."

ఉనాయిసి కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. "పిచ్చి సన్నాసీ," అంది. "ఆ పెండలం తోటలోనే నేనూ ఏడ్చాను. వాగు వైపు."

ఆమె చెయ్యి అతని మోచేతి మీద పెట్టింది. అలా పెట్టే నిద్రపోయింది. కలియోవా తిరిగొచ్చి గుమ్మంలోంచి చూశాడు. లోపలికి రాలేదు. వసారాలో, సెవనాయా ఎప్పుడూ కూర్చునే చోట, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మరో రెండు రోజులకు గాలి తగ్గింది. ఓడ వచ్చింది, సిరప్పు వచ్చింది. ఇప్పుడిక పెద్ద మోతాదు. ఉనాయిసి రోజులో ఎక్కువ భాగం మత్తులోనే ఉండేది. కళ్లు తెరిచినా ఎవరినీ పోల్చేది కాదు. పదకొండో రోజు పొద్దున కలియోవా చాపలు కడగడానికి వాగుకు వెళ్లినప్పుడు, కూతురు తల దువ్వుతుండగా, ఊపిరి ఆగిపోయింది.

సెవనాయా నాలుగు తోటలూ తిరిగి దొరికిన మూడేళ్ల వేళ్లన్నీ తీశాడు. ఎన్ని కట్టలు కట్టినా అవి పిల్ల వేళ్లే. వాటినే మోసుకెళ్లి నాయిబుకా ముందు పరిచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెప్పవలసిన మాటలన్నీ పద్ధతిగా చెప్పాడు. నాయిబుకా కూడా పద్ధతిగానే అందుకున్నాడు. చివర మాత్రం, "పుట్టింటివాళ్లు వేరు తెచ్చారు. వేరు చిన్నది," అన్నాడు. చాప మీద కూర్చున్న యాభై మందీ తలలు దించుకున్నారు.

"పెద్దది ఆవిడే తాగేసింది అన్నయ్యా," అన్నాడు కలియోవా వెనకనుంచి. "ఎవరి వంతు వాళ్లకు అందింది. ఇక కలపండి, వచ్చినవాళ్లు దాహంతో ఉన్నారు."

వందో రోజు మైల తీశారు. నల్లబట్టలు విప్పారు, పందిని కాల్చారు, అవతలి ఊళ్ల బంధువులంతా వచ్చారు. మధ్యాహ్నం పందిట్లో చిప్ప తిరుగుతుంటే సెవనాయా పక్కవాడికి చెబుతున్నాడు, ఆ నోటా ఈ నోటా విన్నవాళ్లకు మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. గాలి పట్టిన ఆ వారంలో తన వేరు తాగి అక్క ఎలా నిద్రపోయిందో, మూలుగు ఎలా ఆగిందో. మాట తక్కువ మనిషి అంతగా మాట్లాడటం అందరికీ వింతగా ఉంది. కలియోవా వింటూ కూర్చుని, చిప్ప బోర్లించి లేచి ఒడ్డుకు వెళ్లిపోయాడు. సెవనాయా వెతుక్కుంటూ వెళ్లాడు. బావ పడవ కొసన కూర్చుని ఉన్నాడు.

"ఏంటి బావా, వచ్చేశావు?"

"నీ గొప్పలు వినలేక."

"గొప్పలేముంది? ఉన్నదే చెబుతున్నాను."

కలియోవా సముద్రంలోకి చూస్తూ అన్నాడు. "రెండోరోజు సాయంత్రం మీ అక్క నాతో ఏమందో చెప్పనా? నొప్పి ఎక్కడిదక్కడే ఉందండీ, వాడికి చెప్పకండి అంది. నువ్వు దంచుతున్నావని కళ్లు మూసుకుని పడుకుంది. మూలుగు మింగింది. ముప్పై ఎనిమిదేళ్లు దాని నవ్వు నీకు అందించాను, దాని తిట్టు నీకు అందించాను. చివరికి నాతో ఒక్క మంచి మాట లేకుండా పోయింది. మాట్లాడాల్సిందంతా నీతో మాట్లాడేసింది."

సెవనాయా వెనక్కి తిరిగి కొండదారి పట్టాడు. పందిట్లో అతని చిప్ప అలాగే ఉండిపోయింది.

మర్నాడు అసినాతే సూవా వెళ్లడానికి సామాను సర్దుకుంటుంటే వచ్చాడు. "నిజం చెప్పు," అన్నాడు. "పని చేసిందా, చెయ్యలేదా?"

అసినాతేకు తండ్రి అన్న మాట అప్పటికే తెలుసు. మంచం అంచున కూర్చుంది. "అంత నొప్పికి ఆ వేరు సరిపోదు మామా. అది నాకు ముందే తెలుసు. కొంచెం తగ్గించి ఉంటుంది. ఒళ్లు సడలించి ఉంటుంది. నిద్రపోయిందనే నేననుకున్నాను, ఊపిరి చూశాను. కళ్లు మూసుకుని పడుకుందేమో కూడా. నాకు తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు."

"మూడోరోజు?"

"మూడోరోజు నేను నిద్రలో ఉన్నాను."

మూడోరోజు తన మోచేతి మీద చెయ్యి పెట్టి అక్క పడుకున్న తీరు సెవనాయా తలుచుకున్నాడు. చెయ్యి బరువెక్కడం తనకు తెలిసింది. నిద్రపోయినవాళ్ల చెయ్యే అలా బరువెక్కుతుంది. లేక, అలా పెట్టి ఉంచడానికే ఆమె బలమంతా పెట్టిందా? ఎటూ తేల్చుకోలేకపోయాడు.

అసినాతే వెళ్లిపోయాక కలియోవా ఇంట్లో ఒంటరివాడయ్యాడు. మోచేయి సరిగా అతకలేదు, వల లాగలేకపోయేవాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు కొండ దాటి మతనుకు ఊరికి వచ్చి, సెవనాయా కణుపులు పాతుతున్న తోటలో ఒక మొద్దు మీద కూర్చున్నాడు.

"ఆ రోజు అన్నాను చూడు," అన్నాడు. "అది అబద్ధంరా. మీ అక్క అలా అనలేదు. కడుపు మండి అన్నాను."

సెవనాయా తలెత్తి బావ ముఖం చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ మనిషి వేళాకోళాలు, కోతలు, నిజాలు అన్నీ విన్నవాడు. ఈ మాట వాటిలో ఏదో, తన కోసమే అంటున్నాడని కూడా ఆ ముఖంలో రాసే ఉంది.

"అలాగే బావా," అన్నాడు. "ఆ కాడలు ఇటు అందించు. కణుపు పైకి ఉండేట్టు పట్టుకో, నలపకు."

కలియోవా బాగున్న చేత్తో ఒక్కో కాడా అందిస్తుంటే, అతను ఒక్కో గుంటలో పెట్టి మట్టి కప్పుతూ పోయాడు.